భీమవ్వ కలిపిన వరస

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అమ్మ ఇందుబాయి అంటుంటే ఒకప్పుడు నవ్వేదాన్ని. ప్రతీక్ష వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాక ఆ సామెత వింటే ఒళ్లు మండటం మొదలైంది.

దాచుకోవడం దేనికి, ఆ పిల్లంటే నాకు ఓర్వలేనితనం. ఆమె నవ్వితే ఓర్వలేను, నవ్వకుండా పని చేసుకుంటుంటే అసలే ఓర్వలేను. నేను పొద్దంతా కుస్తీపట్టే లెక్కను ఆమె టీ చల్లారేలోపు రాసి పారేస్తుంది. రాసి ఊరుకుంటుందా, నా వైపు తిరిగి "గిట్ల చేస్తె అల్కగయితది అక్కా" అంటుంది. మా మామిడ్వార్ సర్ వెనక నుంచి తొంగి చూసి "ఛాన్! ఫార్ ఛాన్!" అని మరాఠీలో మెచ్చుకుంటాడు. సర్ ఇంటిపేరులో మామిడి ఉంది కానీ తాతల నాటి తెలుగు ఆయన నోట్లో ఎప్పుడో ఎండిపోయింది. అన్నేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న నాకు ఒక్క ఛాన్ దొరికితే పండగే. రెండు ఛాన్‌లు ఏనాడూ దొరకలేదు.

నాందేడులో మా పరిశోధన కేంద్రం చిన్నది. భోకర్, ముఖేడ్, నాయ్‌గావ్ వైపు సరిహద్దు ఊళ్ల నుంచి అరవై దాటినవాళ్లను జీపులో తీసుకొచ్చి తలకు స్కానింగ్ తీయిస్తాం, కొంచెం రక్తం తీసుకుంటాం. స్కానింగ్ బొమ్మలను బట్టి మెదడులో జ్ఞాపకశక్తికి సంబంధించిన భాగం వయసుతో ఎంత తగ్గిందో కొలవచ్చు. రక్తంలోని జన్యువుల గుర్తులను బట్టి ఎవరికి ఎక్కువ తగ్గే అవకాశముందో చూడవచ్చు. బొమ్మల లెక్క నాది, జన్యువుల లెక్క ప్రతీక్షది. స్కానింగ్ యంత్రంలో ఒకరి తల ఇటు వాలుతుంది, మరొకరిది అటు. అన్నింటినీ ఒకే తీరుకు తెచ్చి సరిపెట్టాకే కొలవాలి. ఆ సరిపెట్టడం ఆమెకు నేర్పింది నేనే. నేర్పిన చేతిని ఇప్పుడు నేనే కొరుక్కుంటున్నాను.

నా లెక్కలో తేలింది ఏమిటంటే, రోజూ రెండు మూడు భాషలు మాట్లాడే ముసలివాళ్లలో ఆ భాగం కాస్త నిదానంగా తగ్గుతోంది. "కాస్త" అన్న మాట దగ్గర విన్నవాళ్లందరి ముఖాలూ వాడిపోయేవి. ప్రతీక్ష లెక్కలో అలాంటి కాస్తలు లేవు. ఒక జన్యువు గుర్తు ఉన్నవాళ్లకు ఆ భాగం బాగా చిన్నగా ఉందని తేలింది. ఆమె గీసిన గీత కళ్లజోడు లేనివాళ్లకు కూడా కనబడేంత ఏటవాలుగా దిగుతుంది. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు, ఆ పిల్లకు గీత కూడా నడిచొచ్చింది.

ఇంతలో బెంగళూరులో ఒక పెద్ద సంస్థ నుంచి కబురొచ్చింది. మెదడు బొమ్మలు, జన్యువులు రెండింటి లెక్కలూ తెలిసినవాళ్లు ఒకరు కావాలట. ఉద్యోగం పక్కాది. ఆ సంస్థ పెద్దాయన స్వయంగా నాందేడు వచ్చి మా ఇద్దరి పనీ వింటాడట. "దోఘీంపైకీ ఏక్" అన్నాడు మామిడ్వార్ సర్. ఇద్దరిలో ఒకరు. ప్రతీక్షకు ఇంకా ముప్పై నిండలేదు, ఇది కాకపోతే ఇంకోటి. నాకు ముప్పై నాలుగు దాటాయి, నా కాంట్రాక్టు ఈ ఏటితో సరి. ఇది పోతే భోకర్ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకోవాలి. "పెద్ద పెద్ద చదువులు చదివి మళ్లొచ్చినవా?" అనే చుట్టాల మధ్య బతకాలి.

ఆ అక్కా అనే పిలుపు సంగతి కూడా చెప్పాలి. మా ఊరు భోకర్ దాటాక వస్తుంది. మొదటిసారి ప్రతీక్షను తీసుకుని మా ఊరివాళ్లను స్కానింగుకు పిలవడానికి వెళ్లినప్పుడు భీమవ్వ అత్త వాకిట్లో కూర్చున్నాం. ఆమె నాకు వరసకు అత్త. ఎవరైనా కొత్తవాళ్లు కనబడితే వరస కలపనిదే ఆమె మంచినీళ్లు కూడా ఇవ్వదు.

"ఏ ఊరు పిల్లా నీది? మీ అవ్వ పుట్టిల్లేది? మీ అమ్మమ్మది ఏడ?" అని తవ్వి తవ్వి, చివరికి తొడ మీద చరిచింది. "ముఖేడ్ దిక్కు గా ఇంటోళ్లా! అయితె మా వనమాల నీకు అక్కయితది. గీ మేడం గీడం అద్దు, అక్కా అని పిలువు."

ప్రతీక్ష అప్పటిదాకా నన్ను మేడమ్ అనేది. ఆ క్షణం నుంచి అక్కా అయింది. నాకు లేని చెల్లెలిని భీమవ్వ అత్త ఒళ్లో పెట్టి పంపింది.

తరువాత ప్రతీక్ష ఆమెనూ, ఆమె భర్త వెంకట్రాములునూ కూర్చోబెట్టి మేం అందరినీ అడిగే ప్రశ్న అడిగింది. "మీరిద్దరు ఒక్క రక్తమోళ్లా?"

భీమవ్వ అత్త కొంగు బిగించింది. "మొగన్ని పెండ్లాన్ని కూసోవెట్టి ఒక్క రక్తమా అని అడుగుతవా? సిగ్గు లేదానె పిల్లా! అన్నాచెల్లెండ్లం అనుకున్నవా?"

వెంకట్రాములు మామ బీడీ పక్కన పెట్టి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. ప్రతీక్ష సిగ్గుపడుతూ 'రక్తసంబంధం లేదు' అని రాసుకుంది.

బెంగళూరు పెద్దాయన రావడానికి కొన్నాళ్ల ముందు అమ్మ ఫోన్ చేసింది. "భీమవ్వకు ఒడిబియ్యం పోస్తున్నరు, రాకుంటె నిష్టూరమైతది" అని. మా వైపు ఆడబిడ్డ ముసలిదైనా సరే, పుట్టింటివాళ్లు కొన్నేళ్లకొకసారి వచ్చి ఒళ్లో పసుపు కలిపిన బియ్యం పోసి చీర పెడతారు. మనసు బాగాలేకపోయినా వెళ్లాను.

వాకిలి నిండా జనం. పుట్టింటి తరఫున బియ్యం పోయడానికి భీమవ్వ అత్త వదిన రఖమాబాయి వచ్చింది. దోసిలి నింపుకుని ముందుకు వంగిందో లేదో, ఎవరో ముసలమ్మ అరిచింది.

"ఏ రఖమా! పుట్టిన ఇంటికే అచ్చినవు. ఒడిబియ్యం పోస్తందుకు అచ్చినవా, పోయించుకుంటందుకు అచ్చినవా?"

వాకిలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను.

నిజమే. రఖమాబాయి పుట్టింది ఈ ఇంట్లోనే, వెంకట్రాములు మామకు స్వయానా అన్న కూతురు. ఆమెను భీమవ్వ అత్త అన్నకు ఇచ్చారు. ఇక భీమవ్వ అత్త? ఆమె తల్లి కూడా ఈ ఇంటి ఆడపిల్లే. వెంకట్రాములు మామకు సొంత అక్క. అంటే భీమవ్వ అత్త చేసుకున్నది తన మేనమామను. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఊళ్లో కుక్కకు కూడా తెలుసు.

కానీ మా లెక్కలో భీమవ్వ, వెంకట్రాములు, రఖమాబాయి ముగ్గురూ ఏ చుట్టరికమూ లేని ముగ్గురు మనుషులు. మా ప్రశ్నకు వాళ్లు అబద్ధం చెప్పలేదు. మా వైపు పెళ్లి కుదిరే వరసైతే అది రక్తం కిందికి రాదు. మేనమామ రక్తం కాదు, మేనబావ రక్తం కాదు. పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్లను ఆ ఇంటి లెక్కలోనే వేయరు. ఎక్కడో దూరం నుంచి వచ్చిన పిల్ల అడిగి ఉంటే మొగుడూ పెళ్లాలు ముందే చుట్టాలా అని ఇంకో ప్రశ్న వేసేదేమో. ప్రతీక్షా నేనూ ఇలాంటి ఇళ్లలోనే పుట్టాం, అందుకే మాకు తట్టలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

వాకిలి చుట్టూ చూశాను. మా జీపెక్కినవాళ్లలో సగం మంది అక్కడే కూర్చుని లడ్డూలు తింటున్నారు. అందరూ ఒకే తీగకు కాసినవాళ్లు. లెక్కల్లో ఒక్కో మనిషీ ఒక్కో వేరే సాక్షి కావాలి. ఒకే ఇంటివాళ్లు పదిమంది ఒకే మాట చెబితే అది పది సాక్ష్యాలు కాదు. ప్రతీక్ష గీత అంత ఏటవాలుగా దిగింది జన్యువు వల్ల కాకపోవచ్చు, ఒకే కుటుంబాన్ని పదిసార్లు లెక్కపెట్టడం వల్ల కావచ్చు. పూర్తి జన్యుపటం తీయించి ఉంటే ఈ చుట్టరికం దానంతటదే బయటపడేది. మాకు కొన్ని గుర్తులు మాత్రమే చూసే స్తోమత ఉంది. అందుకే నోటి మాట మీద ఆధారపడ్డాం.

నాకు కలిగింది సంతోషం. శాస్త్రం గురించి బెంగ కాదు, చెల్లెలు వరసైన పిల్ల మీద జాలి కాదు. పండుగ పూట పాయసం తిన్నంత సంతోషం. అమ్మ నా ముఖం చూసి "ఏందే, గంత ఖుషీగున్నవ్?" అంది. ఒడిబియ్యం కదా అన్నాను.

నాందేడు తిరిగొచ్చిన మర్నాడు ప్రతీక్ష ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"అక్కా, నా స్లైడ్లు ఒక్కసారి చూస్తవా? నీ కండ్లకు దొరకని తప్పు ఉండది. ఏమన్న ఉంటె ఇప్పుడే చెప్పు, దిద్దుకుంట."

ఒక్కో స్లైడూ చూశాను. 'రక్తసంబంధం లేనివారు' అని రాసి ఉన్న స్లైడ్ దగ్గర వేలు ఆగింది. ఆమె ఆ వేలినే చూస్తోంది.

"అంత మంచిగనె ఉంది" అన్నాను. "గీ రంగు జర మార్చు, వెనక కూసున్నోళ్లకు కనవడది."

"థాంక్స్ అక్కా" అని పోయి రంగు మార్చుకుంది.

పెద్దాయన రానే వచ్చాడు. కన్నడాయన, మెత్తగా మాట్లాడతాడు, మాటలన్నీ ఇంగ్లీషులోనే. ముందు నేను చెప్పాను. నా "కాస్త" దగ్గర ఆయన తలూపాడు, అంతే. తరువాత ప్రతీక్ష లేచింది. ఏటవాలు గీత తెర మీద పడగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. మామిడ్వార్ సర్ పెళ్లికొడుకు తండ్రిలా వెలిగిపోతున్నాడు. ఆమె ముగించి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అనగానే నేను చెయ్యెత్తాను.

"ఈ మనుషులకు రక్తసంబంధం లేదని ఎలా తెలుసు?"

"అడిగాం" అంది ప్రతీక్ష. "నువ్వు గూడ పక్కనె ఉంటివి కద అక్కా" అని ఆ చివరి మాట మాత్రం తెలుగులో అంది.

"భీమవ్వ భర్త ఆమెకు మేనమామ. రఖమాబాయి ఆయన అన్న కూతురు. మేనరికాలు, మామతో పెళ్లిళ్లు మా ఊళ్లలో మామూలు. నీ గీతలో ఎంత జన్యువుదో, ఎంత ఒక్క కుటుంబానిదో చెప్పగలవా?"

ప్రతీక్ష ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుంది, అప్పుడు ఇంకా లోతుకు తోస్తాను అనుకున్నాను. ఆమె తప్పించుకోలేదు.

"చెప్పలేను" అంది. "నేను అడిగిన ప్రశ్నే తప్పు. మా ఇంట్లో కూడా ఎవరైనా ఇలాగే అడిగితే మేమూ లేదనే అంటాం. నాకు తట్టాల్సింది."

పెద్దాయన ఆమెను కాసేపు చూసి, నా వైపు తిరిగాడు. "మంచి ప్రశ్న వేశారు" అన్నాడు. నా గుండె పొంగింది. "మరి మీరు మెదడు కొలిచింది కూడా ఈ మనుషులవే కదా?"

ఒడిబియ్యం నాటి నుంచి ఆ నిమిషం దాకా ప్రతీక్ష గీత కూలడం తప్ప నాకు ఇంకోటి కనబడలేదు. అదే జీపు, అవే తలలు, అదే వాకిలి. నా "కాస్త" కూడా ఆ చుట్టాల మీదే నిలబడి ఉంది. చిన్నపిల్లకు తట్టే సంగతి నాకు తట్టలేదు. ఓర్వలేనితనానికి ఒక కన్నే ఉంటుంది, అది కూడా ఎదుటివాళ్ల విస్తరి మీదే ఉంటుంది.

"కొలిచాను" అన్నాను.

"అయితే ఇద్దరూ చుట్టరికాలు లెక్కలోకి తీసుకుని మళ్లీ చేయండి. ఎవరిది నిలబడుతుందో చూసి మాట్లాడదాం" అన్నాడాయన.

చుట్టరికాల జాబితా నా బుర్రలో ఉంది. దాన్ని లెక్కలోకి ఎక్కించే విద్య ప్రతీక్ష చేతిలో ఉంది. ఇద్దరం మళ్లీ ఒకే బల్ల దగ్గర కూర్చోక తప్పలేదు. ఫలానా ఆమె ఫలానా ఆయనకు ఏమవుతుందో నేను చెప్పడం, ఆమె కంప్యూటర్‌లో గీతలు కలపడం. నాకు తెలియనివి ఉంటే ఫోన్ చేసి భీమవ్వ అత్తను అడిగేవాళ్లం. "గిప్పుడు సరిగ్గ అడుగుతున్నరు" అని ఆమె మురిసిపోయి, మూడు తరాల వెనక్కి వెళ్లి చెప్పేది. చివర్లో తప్పకుండా "ఆ చిన్నది పక్కనె ఉన్నదా? చెల్లెను మంచిగ చూసుకో బిడ్డా" అనేది. ఫోన్ స్పీకర్‌లో ఉండేది. ప్రతీక్ష తల ఎత్తేది కాదు.

ఆ రోజుల్లో ఆమె నన్ను ఏమని పిలిచిందో గుర్తు తెచ్చుకుంటే, ఏమనీ పిలవలేదు. "ఇది ఎవరి బిడ్డ? ఇది ఏ ఇల్లు?" అంతే. పని తొందరలో ఉందనుకున్నాను.

లెక్క పూర్తయిన సాయంత్రం ఆమే తెర నా వైపు తిప్పింది. ఆమె గీత నేలకు సమంగా పడుకుంది. ఏటవాలంతా వెంకట్రాములు మామ ఇంటిదే. నా "కాస్త" మాత్రం ఇంకాస్త సన్నబడి, నిలబడింది.

నేను గెలిచాను. దీనికోసమే కదా ఇన్నాళ్లూ ఉడికిపోయింది అనుకుని ఆమె ముఖంలోకి చూశాను. ఏడుస్తుందనుకున్నాను. కనీసం నన్ను చూసి ఒక్కసారి పళ్లు కొరుకుతుందనుకున్నాను. ఆమె డబ్బా తెరిచి జొన్నరొట్టె తుంచుకుంది.

"నాది పోయింది. నీది నిలవడ్డది" అంది. "తప్పుది అచ్చయి అందరి చేతుల్ల పడకముందే పోయింది, నయమైంది." రొట్టె నమిలి మింగాక అడిగింది. "స్లైడ్లు చూపించిన రోజే నీకు ఎరికె కద?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె కళ్లు చూశాక వెనక్కి పోయింది.

"ఎరికె" అన్నాను.

"రంగు మార్చమంటివి."

నేను తెర వైపు చూపు తిప్పుకున్నాను.

"అప్పుడే చెప్తె ఇద్దరం కూసొని సరి చేస్తుంటిమి. నీది గట్ల గూడ నిలవడుతుండె" అంది. కోపంగా అనలేదు. డబ్బా మూత పెట్టి, కంప్యూటర్ ఆపి, ఇంటికి పోయింది.

ఉద్యోగం నాకొచ్చింది. నేను బయలుదేరే రోజు మామిడ్వార్ సర్ దూద్‌పేడాలు తెప్పించాడు. "ఛాన్! ఫార్ ఛాన్!" అన్నాడు. రెండు ఛాన్‌లు. నోట్లో పేడా ఉంది, తీపి తెలియలేదు. నేను చూస్తున్నది ప్రతీక్షనే. ఆమె కళ్లలో ఇసుమంత కుళ్లు కోసం వెతుకుతున్నాను. నేను పడ్డ మంటలో పిసరంత ఆమె పడితే చాలు, నా గెలుపు గెలుపులా ఉంటుంది. ఎంత వెతికినా దొరకలేదు. ఆ పిల్ల నా మీద అసూయ కూడా పడదు. అది తలుచుకుంటే ఆమె మీద నాకు మునుపటి కంటే ఎక్కువ కుళ్లు పుట్టింది.

వంతు రాగానే ఆమె ముందుకొచ్చి, చేతులు జోడించి, చిన్నగా నవ్వింది.

"బెంగళూరుల చలి ఉంటదంట. స్వెటర్ పెట్టుకోండి" అంది. "మంచిగ పోయి రండి మేడమ్."

చుట్టూ ఉన్నవాళ్లెవరూ గమనించలేదు. గమనించడానికి ఏముంది, మర్యాదే కదా.

బెంగళూరు చేరిన వారానికి భీమవ్వ అత్త ఫోన్ చేసింది. అన్నం ఎట్ల, నీళ్లు ఎట్ల అని అన్నీ అడిగి, పెట్టేసే ముందు గుర్తొచ్చినట్టు అడిగింది.

"నీ చెల్లె మంచిగున్నదా బిడ్డా? ఫోన్ చేస్తున్నదా?"

"మంచిగున్నదత్తా" అన్నాను. "రోజూ చేస్తది."